తొడిమలు తీస్తూ

అరండల్‌పేట ట్యుటోరియల్లో మొదటిరోజు
ఒక కాగితం చేతికిచ్చారు.
చూస్తే వస్తుందా, వింటే వస్తుందా,
చేస్తే వస్తుందా, టిక్కు పెట్టమన్నారు.
ముప్పై నాలుగేళ్లదాన్ని, పదో తరగతి మూడోసారి,
వెనక బెంచీలో కూర్చుని నిజాయితీగానే పెట్టాను.
కంటికి నాలుగు, చెవికి నాలుగు, చేతికి నాలుగు.
సాల్మన్ మాస్టారు కాగితం అటూ ఇటూ తిప్పి
"ఏదీ తేల్లేదమ్మా" అన్నారు,
బేరం కుదరని టిక్కీని కాలితో పక్కకి జరిపినట్టు.

చిన్నప్పుడు బళ్లో
పెదాలు కదిపితే బెత్తం, కాళ్లు ఊపితే బెత్తం.
కదలకుండా కూర్చోవడం ఒక్కటే బాగా వచ్చింది నాకు.
పుస్తకం మూయగానే చదివిందంతా
నున్నటి బండ మీద ఆవాల్లా జారిపోయేది.
మట్టిబుర్ర అన్నారు. నమ్మాను.
నమ్మడం తేలిక, దానికి పరీక్ష ఉండదు.

పొద్దున తొమ్మిదింటికి ఏటుకూరు రోడ్డులో రేకుల షెడ్డు.
పద్దెనిమిది మందిమి, ముక్కులకి కొంగులు కట్టుకుని,
మధ్యలో మా నడుమెత్తు తేజా కాయ.
ఎడమచేత్తో పట్టు, కుడి బొటనవేలితో చిటుక్కు,
తొడిమ ఒళ్లోకి, కాయ గంపలోకి, తాలు వెనక్కి.
నా ఎదురుగా ఖాసింబీ.
ఆమెకి చదవడం రాదు, ఊరుకోవడమూ రాదు.
"రాత్రి ఏం చదివావే?"
"గుండె."
"చెప్పు మరి."

చెప్పాను. చెడ్డ రక్తం ముందు కుడివైపుకి వస్తుందని.
"చెడ్డదాన్ని గుండెలోకి ఎందుకు రానిస్తారే?
తాలుకాయల్ని ఎవరన్నా మంచి టిక్కీలో పోస్తారా?"

చేతులు ఆగలేదు. నోరు ఆగింది.
ఆ ప్రశ్న ఏ గైడులోనూ లేదు.
ఆ రాత్రి పుస్తకం తీశాను,
పరీక్ష కోసం కాదు, ఖాసింబీ కోసం.

మర్నాడు నాలుగు గంపలు పెట్టాను,
పైన రెండు, కింద రెండు.
దోసెడు తాలు తీసి కుడి పైగంపలో పోశాను,
అక్కణ్ణుంచి కిందగంపలోకి,
అక్కణ్ణుంచి షెడ్డు బయట గాలికి. అదే ఊపిరితిత్తి.
తిరిగి ఎడమ పైగంప, ఎడమ కిందగంప,
ఆపైన ఊరంతా.
"గాలి తగిల్తే తాలు ఎర్రబడుద్దా ఎక్కడన్నా?"
"కాయ ఎర్రబడదు పిన్నీ, నెత్తురు ఎర్రబడుద్ది."
మేస్త్రీ వచ్చి గంపలతో ఆటలేంటని కసిరాడు,
రెండు కిలోల కూలి కోశాడు.
రెండు కిలోలకి గుండె. చవకే.

అప్పట్నించీ పాఠం నాకు
బొటనవేలి గోటి కింద నిలబడింది,
ఎన్ని నీళ్లతో కడిగినా మంట పోని చోట.
కిరణజన్యసంయోగక్రియ తొడిమ పచ్చదనం మీద చెప్పాను.
ప్లాసీ యుద్ధం చెబుతుంటే
కమీషన్ వ్యాపారి ఎవరో ఖాసింబీయే చెప్పింది నాకు.
లెక్కలు మాత్రం కదల్లేదు.
ఎక్స్ అంటే ఎవరో తెలీనివాడని చెబితే
"తెలీనోడి కోసం ఇంత వెతుకులాట దేనికే?" అంది.
నా దగ్గర జవాబు లేదు.
ఆ చాప్టరు అలాగే వదిలేశాను.

పరీక్ష హాల్లో రెండో ప్రశ్న, రక్తప్రసరణ.
కళ్లు మూసుకున్నాను.
ఒళ్లో చేతులు వాటంతటవే పనిలో పడ్డాయి,
చిటుక్కు, చిటుక్కు,
పెదాలు కూడా కదిలాయేమో తెలీదు.
ఇన్విజిలేటర్ నా బల్ల దగ్గర ఆగాడు.
"చేతిలో ఏముంది?"
"ఏం లేదండీ."
"తెరువు."
తెరిచాను. రెండు అరచేతులూ, ఎర్రగా, ఖాళీగా.
అక్షరాల కోసం దగ్గరికి వంగి చూశాడు.
తుమ్మాడు.
మళ్లీ తుమ్మాడు.
జేబురుమాలు వెతుక్కుంటూ కిటికీ వైపు వెళ్లిపోయాడు.

నేను కుడి పైగంప దగ్గర మొదలుపెట్టాను.